తెల్ల దారం

మదనపల్లెలో బస్సు దిగేసరికి ఉదయం ఆరూ నలభై. సన్న జల్లు. నా దగ్గర ట్రంకు పెట్టె, కొలతల పనిముట్లు, రెండు రిజిస్టర్లు. ఆర్డరు ఇది: పన్నెండు రోజుల్లో చుట్టుపక్కల మాజీ సైనికుల లైసెన్సు రివాల్వర్లు పరీక్షించి, దేనికి ఏ తూటా సురక్షితమో తేల్చాలి. చివరన ఆయుధపూజ నాడు ఒక్కొక్కరూ ఒక్క గుండు పేల్చాలి.

నేను హవల్దారుని, ఆయుధాలు మరమ్మతు చేసే ఆర్మరర్‌ని. తోడుగా ఒక నాయక్, పుంగనూరువాడు. ర్యాంకులో నాకంటే ఒక మెట్టు, వయసులో ఆరేళ్లు చిన్న. వచ్చినవాళ్లంతా అతని చుట్టూనే మూగేవారు. నాకది గిట్టలేదు.

మూడో రోజు సదుం నుంచి ఒక పెన్షన్ సుబేదారు తండ్రి నాటి రివాల్వరు తెచ్చాడు.

"ఇంగా పేలతాదా అప్పా?"

"నీకన్నా గట్టిగా ఉండాది నాయనా," అన్నాడు నాయక్. అందరూ నవ్వారు.

నేను కొలిచాను. కొత్త తూటాలు పట్టేలా సిలిండరు వెనక అంచు ఎవరో అరగదీశారు. అవి నున్నగా దిగుతాయి. కానీ పట్టడం వేరు, తట్టుకోవడం వేరు. కొత్త తూటా ఒత్తిడికి ఆ పాత ఇనుము చేతిలోనే పగలవచ్చు. 'పాత తేలిక తూటా మాత్రమే' అని నంబరుతో సహా రిజిస్టరులో రాశాను.

"హవల్దారన్నా, నువ్వు పుస్తకం తిరగేసేలోపల దీపావళి వస్తాది," అన్నాడు నాయక్. "పిడి కింద దారం కడదాం. ఎర్రదైతే కొత్త తూటా, తెల్లదైతే పాతది. సూస్తానే తెలుస్తాది."

మా పని చూడ్డానికి వచ్చిన మేజరు అతని భుజం తట్టాడు. నా రిజిస్టరు పెట్టెలోకి పోయింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆయుధపూజ. పదిన్నరకు హారతి అయింది. ఇరవై మూడు రివాల్వర్లకూ పసుపు, కుంకుమ. పదకొండుకు ఫైరింగు. సుబేదారు రివాల్వరు బల్ల మీదికి వచ్చింది. దాని దారం ఎర్రగా ఉంది. తడి కుంకుమ పీల్చుకుంది.

అది తెల్ల దారమేనని నాకు వెంటనే తెలిసింది. నాయక్ చెయ్యి కొత్త తూటాల డబ్బాలోకి వెళ్లింది. ఒక్క మాట చాలు. అనలేదు. మేజరు చూస్తున్నాడు, ఇతని దారాల తెలివి ఏపాటిదో చూడనీ అనుకున్నాను. రివాల్వరు కోసం సుబేదారు చెయ్యి చాచే ఉన్నాడు.

నాయక్ సిలిండరు తెరిచాడు. వేలికి కుంకుమ అంటింది. ఆగాడు. దారం ముడి గోటితో విప్పాడు. లోపల తెల్లగా ఉంది.

"సార్, తప్పు నాది. కుంకుమకి తెల్లదారం ఎర్రగా అయిపోయింది. హవల్దారన్న పుస్తకం తెప్పించండి. అదే కరెక్టు."

రిజిస్టరు చూసి తేలిక తూటా ఇచ్చాం. పేలింది. సుబేదారు రివాల్వరు కళ్లకద్దుకున్నాడు. మేజరు ఈసారి నా భుజం తట్టాడు.

"నువ్వు ముందే సూసినావా అన్నా?" అని నాయక్ అడిగాడు.

"లేదు," అన్నాను.

నన్ను రైలెక్కించడానికి అతను కుప్పం దాకా వచ్చాడు. ట్రంకు పెట్టె తలుపు దగ్గర అందించాడు. అప్పటికీ నాకు అతని మీద ఈర్ష్య పోలేదు, ఇంకా పెరిగింది. తప్పు నాదని అంత తేలిగ్గా ఎలా అనగలిగాడు?

రైల్లో డైరీ రాశాను: 'ఇరవై మూడు రివాల్వర్లు. ప్రమాదం లేదు.'

ఇన్నేళ్లయినా కళ్లు మూస్తే అదే కనిపిస్తుంది. పసుపంటిన బొటనవేలి గోరు, విప్పిన ముడి, ఎర్ర దారం మధ్యలో కుంకుమ అంటని గోరంత తెలుపు.