మూడేళ్ల బీఏతో అమెరికా లా సీటు

2021లో నేను ఆదోనిలో విదేశీ చదువుల కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. మా ఆఫీసు బస్టాండు దగ్గర, మందుల షాపు మీద. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఎం.ఎస్.కు పోవాలనుకునే ఇంజనీర్లు. లా చదువుతానని వచ్చిన మొదటి మనిషి సరళ.

ఆమెది ఎమ్మిగనూరు, మగ్గాల కుటుంబం. ఆదోనిలో బీఏ చేసి, అమెరికా లాయర్ల కాగితాలు పరిశీలించే బెంగళూరు కంపెనీలో చేరింది. కరోనా వల్ల ఇంటి నుంచే పని. వాళ్లక్క భాగ్యను భర్త వదిలేశాడు. మనోవర్తి కేసు ఆదోని కోర్టులో నడుస్తోంది. ప్రతి వాయిదాకూ అక్కకు తోడు సరళే.

“లోపల ఏం జరిగిందో మా వకీలు సెప్పడు సార్. వరండాలో నిలబడి ఆయప్ప మొగం సూసి తెలుసుకోవాల” అంది సరళ.

అమెరికాలో మొదటి లా డిగ్రీని జేడీ అంటారు. ఏ డిగ్రీ చేసినవాళ్లయినా చేరవచ్చు. ఎల్ఎల్ఎం మాత్రం ముందే లా చదివినవాళ్లకు. సరళకు చిక్కంతా మూడేళ్ల బీఏతోనే. అక్కడి డిగ్రీ నాలుగేళ్లు కాబట్టి మనదాన్ని కొన్ని కాలేజీలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. మార్కుల ట్రాన్‌స్క్రిప్టును యూనివర్సిటీయే నేరుగా పంపాలి. దాన్ని అక్కడి లెక్కలోకి మార్చి చూడటాన్ని ఎవాల్యుయేషన్ అంటారు. దీనికోసం సరళ సెలవులు పెట్టి యూనివర్సిటీ చుట్టూ తిరిగింది. ఎల్‌శాట్ అనే ప్రవేశ పరీక్ష రెండోసారి రాస్తేగాని మంచి స్కోరు రాలేదు. రెండు కాలేజీలు ఆమె డిగ్రీ చాలదన్నాయి. మూడోది ఫీజులో రాయితీతో సీటిచ్చింది.

ఆ కబురు చెప్పడానికి పిలిస్తే అక్కాచెల్లెళ్లిద్దరూ వచ్చారు. భాగ్య మొహం వెలిగిపోతోంది. సరళ మాత్రం కుర్చీలో కూర్చోకముందే అడిగింది.

“సార్, ఆడ సదివొస్తే ఈ కోర్టులో వాదించొచ్చునా?”

“నేరుగా కాదమ్మా. ఆ డిగ్రీని మన బార్ కౌన్సిల్ గుర్తించాల. మళ్లీ ఇక్కడ పరీక్ష రాయాల.”

అప్పుడామె కుర్చీలో కూర్చుంది. తర్వాత, “అయితే ఈడే సదువుతా” అంది.

భాగ్య మొహంలో వెలుగు పోయింది. “నా కోసం ఆగినావంటే నా మీద ఇంకో కేసు ఏసినట్లే. నువ్వు పో” అంది.

“నీ కోసమే కాదులేక్కా” అంది సరళ.

ఇద్దరూ మెట్లు దిగుతూ కూడా వాదించుకుంటూనే ఉన్నారు. వారం ఆగి నేనే ఫోన్ చేశాను. నిర్ణయం మారలేదు. సీటు వద్దని కాలేజీకి మెయిల్ పెట్టాం. ఆమె కర్నూలులో ఎల్ఎల్‌బీలో చేరింది.

రెండో ఏడాదిలో ఉండగానే భాగ్య కేసు తేలిపోయింది. మనోవర్తి ఇవ్వాలని తీర్పు వచ్చింది. ఏ కేసు కోసం సీటు వదులుకుందనుకున్నానో, ఆ కేసును సరళ వాదించనే లేదు.

పోయిన ఏడాది ఒక అఫిడవిట్ పనిమీద ఆదోని కోర్టుకు పోతే సరళ నల్లకోటులో కనిపించింది. నందవరం నుంచి వచ్చిన ఒక ముసలామెకు ఆ రోజు జడ్జి ఏమన్నాడో నిదానంగా చెబుతోంది. ఆమె వెళ్లాక, సీటు వదులుకున్నందుకు బాధపడుతున్నావా అని అడిగాను.

“అప్పుడప్పుడు అనిపిస్తాది సార్. అబద్ధమెందుకు” అని నవ్వి, తన కేసు పిలవగానే లోపలికి పోయింది.

ఇప్పుడు లా చదువుతామని ఎవరైనా వస్తే నేను మార్కులు తర్వాత చూస్తాను. చదివాక ఏ ఊళ్లో, ఎవరి తరఫున మాట్లాడాలనుకుంటున్నారో ముందు అడుగుతాను. తెలియదంటే ఆలోచించుకుని రమ్మంటాను.