మూడో చరణం

కొంటా బజారులో మాది ఆన్‌లైన్ పనుల దుకాణం. నాన్న వాడిన తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ పాత సిస్టమ్‌లోనే పనిచేస్తుంది. అందుకే కొత్త కంప్యూటర్ లోపలే ఆ పాత సిస్టమ్‌ని ఇంకో కంప్యూటర్‌లా నడుపుతుంటాను. ఎప్పుడైనా పాడైతే మునుపటి స్థితికి వెళ్లేలా స్నాప్‌షాట్ కూడా తీసిపెట్టుకున్నాను.

ఎర్రబోరు ఊరి దోర్లా తెగ పెద్దాయన కన్నయ్య తాత ప్రతి సంతకీ వచ్చి విత్తనాల పండుగ పాటలు చెబుతుంటే టైపు చేసేదాన్ని. నాలుగు సంతలయ్యాక ఎవరి పెన్‌డ్రైవ్ నుంచో పాత సిస్టమ్‌కి వైరస్ పట్టింది. ధీమాగా స్నాప్‌షాట్ నొక్కాను. సిస్టమ్ బాగుపడింది. కానీ తాత మొదటిసారి రాకముందటి రోజుకి వెళ్లిపోయింది. ఒక్క పాటా మిగల్లేదు.

తర్వాతి సంతకి తాత రాగానే భయపడుతూనే జరిగింది చెప్పాను.

"గంత బుగులెందుకు బిడ్డా? మల్ల చెప్త, రాసుకో" అన్నారు.

అన్నీ చెప్పారు. ఆఖరి పాటలో రెండు చరణాలయ్యాక ఆగిపోయారు.

"మూడోది ఏందో యాదికొస్తలేదు. నువ్వు రాసినవ్ గదా, నీకన్న యాదుందా?"

ప్రతి అక్షరమూ నా వేళ్లే కొట్టాయి. నేను మాత్రం వినలేదు.

ఇప్పుడు ఎవరు రాయించుకోవడానికొచ్చినా, ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని వింటాను.