ఎర్రమట్టి మీద కొబ్బరి తాడు

ఆగస్టు నెల మూడో శనివారం, ఉదయం ఐదూ నలభైకి నరసాపురం స్టేషనులో రైలెక్కాం, నేనూ మా అమ్మాయి రూతూ. ముందురోజు మధ్యాహ్నం మొదలైన వాన ఇంకా ఆగలేదు. ఆదివారం నాడు రాజానగరం దాటాక ఒక ఖాళీ మైదానంలో మోటారుసైకిళ్ళ బురద పందెం ఉంది. అది పేరున్న పందెగాళ్ళకి పెట్టింది కాదు. సొంత బండి, సొంత సరదా ఉన్న ఎవరైనా రావచ్చు. వాన పడితే ఆపరు, వాన కోసమే పెడతారు.

రూతుకి ముప్పై నాలుగేళ్ళు. లేసు అల్లుతుంది, ఆమె ఇల్లు గడిచేది దాని మీదే. అంతకుముందు మూడు పందేలకి వెళ్ళింది. మూడింటిలోనూ బండి బురదలో కూరుకుపోయి చివరి గీత దాటలేదు. ఈసారి బయలుదేరేముందే ఒక మాట అనుకుంది. గెలవక్కర్లేదు, ఐదు చుట్లూ తిరిగి గీత దాటితే చాలు. దాటకపోతే బండి అమ్మేసి ఇక ఆ ఊసెత్తదు. ఆ పిల్ల అన్నదంటే చేస్తుంది. ఆ మొండితనం నాదే.

నేను ముప్పై ఏళ్ళపైన మోటారుసైకిళ్ళు బాగుచేసినవాణ్ణి. నలభై దాటాక చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని అక్షరాలు నేర్చుకున్నాను. రాత నా పని కాదు. అయినా ఇది రాయడానికి కారణం ఉంది, చివర చెబుతాను.

బండి శుక్రవారమే మా వీధి సూరిబాబు వ్యానులో వెళ్ళిపోయింది. మేమూ అందులోనే వెళ్ళేవాళ్ళం గానీ ముందు సీటులో ఇద్దరికి చోటు చాలదు. పాలకొల్లులో ఒక పెద్దాయన ఎక్కి మా ఎదుట కూర్చున్నాడు. రూతు ఒళ్ళో హెల్మెట్ చూసి ఎక్కడికని అడిగాడు. చెప్పాను. కాసేపు కిటికీ వైపు చూసి, అమ్మాయికి పెళ్ళయిందా అన్నాడు.

"అయిందండి. ఈ హెల్మెట్ మా ఆయన కొన్నదే," అంది రూతు.

పెద్దాయన భీమవరం దాకా పేపరు చదువుకున్నాడు. అక్కడ దిగేటప్పుడు మాత్రం, "జాగ్రత్తమ్మా, వాన," అన్నాడు.

నిడదవోలులో రైలు ముప్పావుగంట ఆగిపోయింది. కిటికీ అద్దం దించితే ఉక్క, ఎత్తితే జల్లు. ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీ అక్కడే తిన్నాం. గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి పదిన్నర. నది అంతా ఎర్రగా, ఒడ్డు తెలియకుండా ఉంది. ఎగువన ఎక్కడో గట్టిగా కురిసి ఉంటుంది. రూతు ఆ నీళ్ళ రంగు చూసి, "ఆ పక్క మట్టి ఇలా ఉంటుందేమో నాన్నా," అంది. నీళ్ళకీ నేలకీ ఏం సంబంధమని కొట్టిపారేశాను.

రాజమండ్రి స్టేషను ఎదుట లాడ్జిలో దిగాం. గదిలో చెమ్మ వాసన, ఫ్యాను తిరిగితే చప్పుడు. వెళ్ళేవాళ్ళు పొడి దుప్పటి వెంట తీసుకెళ్ళండి. ఆ సాయంత్రం ఎటూ వెళ్ళలేదు. రూతు మంచం మీద కూర్చుని లేసు అల్లుకుంది.

ఆదివారం ఆరుంబావుకి ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కాం. చర్చి మానేసి పందేనికి వెళ్ళడం నాకు అదే మొదలు. రాజానగరం దాటాక కండక్టరు ఒక మలుపు దగ్గర దింపాడు. అక్కడి నుంచి ఇరవై నిమిషాల నడక. సూరిబాబు అప్పటికే బండి దించి ఉంచాడు.

ఇక్కడ తాడు సంగతి చెప్పాలి. మా వైపు కాలవగట్లు వానాకాలంలో సబ్బు మీద నడిచినట్టుంటాయి. పాలవాళ్ళూ రొయ్యల మేత మోసేవాళ్ళూ వెనక చక్రానికి కొబ్బరి తాడు చుడతారు. టైరు మీదుగా, చక్రం పుల్లల మధ్యనుంచి, జానెడుకి ఒక చుట్టు. నల్లమట్టిని ఆ తాడు కరిచి పట్టుకుంటుంది. మా ఊళ్ళో ఆ తాడు నా అంత గట్టిగా చుట్టేవాడు లేడని పేరు. మూడు పందేల్లోనూ తాడు లేకే కూరుకుపోయిందని నా లెక్క. అందుకే గురువారం ఇంటి దగ్గరే కూర్చుని రెండు గంటలు చుట్టాను.

మైదానంలో రూతు వంగి గుప్పెడు మట్టి తీసి అరచేతిలో నలిపింది. ఎర్రమట్టి, దాన్నిండా గరుకైన గరప రాళ్ళు. వాన నీరు నిలవడం లేదు, ఇంకిపోతోంది.

"ఇది మన మట్టి కాదు నాన్నా. తాడు తీసేద్దాం."

"నువ్వు పుట్టకముందు నుంచి చుడుతున్నాను," అన్నాను.

బండ్లు తనిఖీ చేసే శ్రీనివాసు వచ్చి చక్రం చూశాడు. తాడు కట్టకూడదన్న రూలు లేదు, కానీ ఈ రాళ్ళకి ఒరుసుకుని అది గంట కూడా ఆగదన్నాడు. ఆయనకి ముప్పై ఏళ్ళుంటాయేమో. బండి మాది, మీ పని చూసుకోండి అన్నాను. పక్కన కడియం నర్సరీలో పనిచేసే వీర్రాజు తన బండికి గాలి తగ్గించుకుంటూ నవ్వాడు. "మీరు చక్రాన్ని ఊరేగింపుకి తయారుచేశారండి," అన్నాడు. రూతు నవ్వలేదు. హెల్మెట్ పెట్టుకుంది. తండ్రి మాట పదిమందిలో తీసెయ్యడం ఇష్టంలేక ఊరుకుందని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

తొమ్మిదిన్నరకి జెండా ఊపారు. పదకొండు బండ్లు. ఆడమనిషి ఈమె ఒక్కతే. మొదటి చుట్టులో ఆరో బండి, మూడో చుట్టుకి నాలుగో బండి. టీ అమ్మే సత్యవతమ్మ గారు నా పక్కన నిలబడి, "మీ అమ్మాయి భలే తోలుతోందండి," అన్నారు. అప్పటికే తాడు పోగులు లేచి చక్రం వెనక తోకలా ఎగురుతున్నాయి. నాకు కనబడింది. రూతుకి కనబడదు.

ఐదో చుట్టులో, గీత ఇంకా యాభై గజాలు ఉందనగా, తెగిన కొస చైనులోకి పోయింది. చక్రం బిగుసుకుని బండి అడ్డంగా పడింది. రూతు కుడిచేతి మీద పడింది.

లేచింది. కుడిచెయ్యి కడుపుకి ఆనించుకుని, ఎడమచేత్తో, పళ్ళతో తాడు లాగసాగింది. నెట్టుకుంటూ వచ్చినా గీత దాటితే దాటినట్టే. దానికి పావుగంట టైము ఉంది. బయటివాళ్ళు ఎవరూ బండిని ముట్టుకోకూడదు, అదొక్కటే షరతు. పొద్దున్న కాగితం మీద కూడబలుక్కుని నేనే చదివాను.

నోట్లో రక్తం చూశాక నేను ఆగలేకపోయాను. సత్యవతమ్మ గారి బల్ల మీద చాకు అందుకుని పరిగెత్తాను.

"ముట్టుకోకు నాన్నా," అంది.

ముట్టుకున్నాను. రెండు కోతల్లో తాడు తెగింది. చక్రం హాయిగా తిరిగింది. శ్రీనివాసు దూరం నుంచి ఎర్రజెండా ఎత్తాడు. పరిగెత్తుకొచ్చి తిట్టి ఉంటే బాగుండేది. ఆ జెండాతో రూతు పందెం అయిపోయింది.

పదకొండింటికి సూరిబాబు వ్యానులో, రూతు ముందూ నేను వెనకా, రాజమండ్రి ఆసుపత్రికి వెళ్ళాం. మణికట్టు విరిగింది. కట్టు వేశారు. ఆరు వారాలు లేసు అల్లడానికి లేదు, ఆ తర్వాత కూడా వేళ్ళు వెనకటిలా ఆడతాయో లేదో అప్పుడు చూద్దామన్నారు. వీర్రాజు మా వెనకే వచ్చాడు. పందెంలో రెండో స్థానం అతనిది. పరామర్శకి వచ్చినవాణ్ణి రూతు, బండి కొంటావా అని అడిగింది. అతను నా మొహం చూశాడు. నేను గోడ చూశాను. తాళం ఎడమచేత్తో ఇచ్చింది.

తిరుగు రైలు సాయంత్రం నాలుగింటికి. మళ్ళీ అదే వంతెన, అదే ఎర్రనీళ్ళు. కొవ్వూరు దాటాక, ఆ మాట వెనక్కి తీసుకోమ్మా, వీర్రాజుకి ఫోను చేస్తానన్నాను. రూతు కట్టు చెయ్యి ఒళ్ళోకి సర్దుకుంది.

"నా మాట నేనే తీసేస్తే, ఇంక నువ్వెప్పుడు వింటావు నాన్నా?"

నిడదవోలు, తణుకు, భీమవరం వచ్చాయి, వెళ్ళాయి. వాన తగ్గలేదు. నరసాపురంలో దిగేటప్పుడు సంచి నేను పట్టుకోబోతే ఇవ్వలేదు.

ఆ మైదానం మంచిదే. వెళ్ళాలనుకునేవాళ్ళు వెళ్ళండి. ముందు ఆ మట్టి గుప్పిట్లోకి తీసుకుని చూడండి, పక్కనున్నవాళ్ళు చెప్పేది వినండి. మా ఊళ్ళో మాత్రం ఆడపిల్ల బండి ఆపుకోలేక పడిందని చెప్పుకుంటున్నారు. చర్చి మెట్ల మీద నా చెవినే పడింది. అందుకే ఇది రాశాను. అనుమానం ఉన్నవాళ్ళు అడిగి తెలుసుకోండి. ఆ రోజు అక్కడున్నది వీళ్ళు: బండి దించిన సూరిబాబు, తాడు వద్దన్న శ్రీనివాసు, కడియం వీర్రాజు, చాకు గల సత్యవతమ్మ గారు, ఐదో చుట్టుదాకా బండిని చక్కగా తోలిన రూతు, తాడు చుట్టినవాణ్ణి, బండి ముట్టుకున్నవాణ్ణి, ఆమె తండ్రిని, ఏసుపాదాన్ని నేను.