హుండీలో వేసినదానికి లెక్క

మా ఆయన మునిరత్నం ఐరాల దగ్గర బెల్లం గానుగలో పాకం చూసే మనిషి. పాకం నాలుక మీద వేసుకుని, ఎప్పుడు దించాలో చెప్పేవాడు. ఆ రోజు పొయ్యి దగ్గర నిలబడి తుపుక్కున ఉమ్మేశాడు.

"ఇదేంది రెడ్డెమ్మా, ఇనుము నాకినట్టుండాది!" అన్నాడు.

నేనూ నోట్లో వేసుకుని చూశాను. బెల్లం బెల్లంలాగే ఉంది. "నీ నోరే సెడింది, ఇంటికి పోయి పండుకో" అని కసిరాను. మర్నాడు పొద్దున లేచేసరికి మొహం ఉబ్బిపోయి కళ్ళు తెరుచుకోలేదు. పాదాలు చెప్పుల్లో పట్టలేదు.

చిత్తూరులో డాక్టరు బీపీ చూసి రక్తపరీక్ష రాశాడు. రిపోర్టు చూడగానే డాక్టరు మొహం మాడిపోయింది. "రక్తంలో క్రియాటినైన్ శానా ఎక్కువుండాదమ్మా, కిడ్నీల జబ్బు మాదిరుండాది. ఈడ కాదు, తిరుపతికి పొండి" అన్నాడు. తిరుపతిలో స్కానింగ్ తీశారు. "రెండు కిడ్నీలూ కుంచించుకుపోయినాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేపించాల. ఆపితే మనిషి దక్కడు" అని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. అప్పుడు ఆమె మీద కోపమొచ్చింది. ఇప్పుడు దండం పెడతాను.

డయాలసిస్‌కు డబ్బు ఎక్కడిది? ఆసుపత్రిలో పక్క మంచం వాళ్ళు ఒక ట్రస్టు సంగతి చెప్పారు. కిడ్నీ జబ్బుల మీద పరిశోధన చేస్తామని చందాలు వసూలు చేసే ట్రస్టు అది. పేదవాళ్ళకు డయాలసిస్ కూపన్లు ఇస్తుంది. బదులుగా రోగి నెలనెలా పరిశోధన కోసం ట్యూబుల్లో రక్తం ఇవ్వాలి. పోయి అడిగితే వెంటనే ఇచ్చారు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతికి ఫిస్టులా ఆపరేషన్ అయింది. వాపులు తగ్గాయి. మనిషి మళ్ళీ కూర్చుని సంగటి తిన్నాడు.

ఆయన లేచి తిరిగితే నిలువుదోపిడి ఇస్తానని కొండకు మొక్కుకుని ఉన్నాను. ఒంటి మీదున్న నగలన్నీ ఒలిచి హుండీలో వేయడమన్నమాట. ఈ సంగతి ట్రస్టు సెక్రటరీ చెవిన పడింది. తిరుపతిలో కొండకు పోయే దారిలో ఉన్న వాళ్ళ ఆఫీసు వాకిట్లోనూ ఒక హుండీ ఉండేది. కొండ మీద ఉన్నట్టే తెల్లగుడ్డ చుట్టి, నామాలు దిద్దారు. యాత్రికులు చెప్పులు విప్పి మరీ వేసేవాళ్ళు.

"రోగి ప్రాణంలోనే కదమ్మా స్వామి ఉండేది. దీంట్లో వేస్తే కొండ మింద వేసినట్టే" అన్నాడు సెక్రటరీ.

కమ్మలు, గాజులు, తాళిలోని బంగారం అన్నీ అందులోనే వేశాను. మెళ్ళో పసుపుకొమ్ము కట్టుకుని ఇంటికొస్తే మా అత్త నాకు దిష్టి తీసింది.

కొన్ని నెలలకు మా ఆయన నాలుగు మెట్లు ఎక్కినా ఆయాసపడసాగాడు. అరచేతులు సున్నం కొట్టినట్టు పాలిపోయాయి. రక్తం ఎవరికి ఇస్తున్నామో చెప్పగానే డాక్టరమ్మ నా మీద అరిచింది. "హిమోగ్లోబిన్ ఇంత తక్కువుండే మనిషి దగ్గర నెలనెలా రక్తం తీస్తారా? బుద్ధుండాదా మీకు? దాంతో ఏం పరీక్షలు చేసినారో రిపోర్టు తీసుకురాపో."

రిపోర్టు కోసం ట్రస్టు ల్యాబుకు పోయాను. ల్యాబంటే ఒక బల్ల, ఒక ఫ్రిజ్. అక్కడి ఉద్యోగి ఫ్రిజ్ తెరిచాడు. లోపల మజ్జిగ ప్యాకెట్లు, మూర మల్లెపూలు ఉన్నాయి.

"మా ఆయన రక్తం యాడప్పా?" అని అడిగాను.

"దాతలొచ్చినప్పుడు ఫోటోలు తీస్తారు గదక్కా. అవి అయిపోయినంక పారబోస్తాము" అన్నాడు, పాపం, ఏమీ దాచకుండా.

ఆ నెలలోనే ఫండ్స్ లేవని మా కూపన్లు వారానికి ఒకటి చేశారు. ఆఫీసుకు మాత్రం పాలరాయి పరుస్తున్నారు.

తర్వాత వాళ్ళ వార్షికోత్సవం వచ్చింది. "స్టేజీ ఎక్కి దాతలకు రెండు మంచి ముక్కలు చెప్పమ్మా, కూపన్ల సంగతి చూస్తాను" అన్నాడు సెక్రటరీ. ఎక్కాను. మైకు పట్టుకుని రెండు ముక్కలే అడిగాను.

"మా ఆయన రక్తం ఏమైనాది సార్? హుండీలో పడేదంతా యాడికి పోతా ఉండాది? అందరి ముందర లెక్క చెప్పండి."

సెక్రటరీకి కోపం రాలేదు. నవ్వుతూ మైకు అందుకున్నాడు. "హుండీలో వేసినదానికి లెక్క అడగతా ఉండావా తల్లీ? నువ్వు అడిగేది నన్ను కాదు, స్వామిని."

హాల్లో ఎవరో "గోవిందా!" అన్నారు. ఇక హాలంతా అందుకుంది. మా అత్త స్టేజీ దగ్గరికొచ్చి నా కొంగు పట్టి లాగింది. "కళ్ళు పోతాయే, దిగు!" మా ఆయన లేచి నిలబడి సెక్రటరీకి రెండు చేతులూ జోడించాడు. "తెలీక మాట్లాడింది సార్, మనసులో పెట్టుకోవద్దండి."

ఆ వారం కూపన్‌కు పోతే గుమస్తా తలెత్తలేదు. "నమ్మకముండేవాళ్ళకే ఇమ్మన్నారమ్మా."

కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆవును అమ్మి కొన్నిసార్లు డయాలసిస్ చేయించాను. తర్వాత అమ్మడానికేమీ లేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పడుకుంటే ఊపిరాడక గోడకానుకుని కూర్చునేవాడు. పోయే ముందు నన్ను చూసి, "నువ్వు నోరు మూసుకోనుంటే ఇంకొన్నాళ్ళు బతికుందును గదమే" అన్నాడు. అదే ఆయన నాతో ఆఖరున అన్న మాట.

ఇప్పుడు నేను బడిలో పిల్లలకు వంట చేస్తున్నాను. మా అత్త నాతోనే ఉంది. నేను వడ్డిస్తే తింటుంది, మాట్లాడదు.

ఇంట్లో రోగిని పెట్టుకుని ఇలాంటి ట్రస్టుల గడప తొక్కేవాళ్ళకు ఒకటే చెబుతాను. తీసిన ప్రతి ట్యూబు రక్తానికీ రిపోర్టు, వచ్చిన చందాకు ఆడిట్ లెక్క అడగండి. కానీ ఒక్కరే అడగవద్దు. కూపన్లు తీసుకునేవాళ్ళంతా ముందే మాట్లాడుకుని, కలిసి పోయి అడగండి. ఆ రోజు హాల్లో ముందు వరసల నిండా మాలాంటి కూపన్లవాళ్ళే కూర్చుని ఉన్నారు. మొదట గోవిందా అన్నది వాళ్ళే. నాకు వాళ్ళ మీద కోపం లేదు. మర్నాడు వాళ్ళకు డయాలసిస్ ఉంది.