గడ్డిని దాటి పూసిన లిల్లీలు

నా చిన్నప్పుడు అరకులో మా పెరటినిండా లిల్లీలే. సంతవీధిలో కిరాణా కొట్టు నడిపే మా తాతయ్య, ఎవరో రైల్వే ఆయన ఇచ్చిన దుంపలు తెచ్చి నాటితే, అవి నా తలను దాటి ఎదిగాయి. నారింజరంగు పూలు. పొద్దున్న విచ్చిన పువ్వు సాయంత్రానికి ముడుచుకుపోతుంది, మర్నాడు అదే కాడకి ఇంకొకటి పూస్తుంది. "ఒక్కపూట సోకు" అని మా నాయనమ్మ వెక్కిరించేది.

ఒక ఏడాది వానల్లో మా తమ్ముడు చలిజ్వరంతో పోయాడు. వాడికింకా నడకైనా రాలేదు. మగవాళ్లే కొండవైపు తీసుకెళ్లి పాతిపెట్టి వచ్చారు. ఆ చోటు కన్నతల్లికి చెప్పకూడదని మావాళ్ల ఆచారం. అమ్మ తిండి మీద ధ్యాస లేక సగమైపోయింది. పొద్దస్తమానం పెరటి గుమ్మంలో కూర్చుని కొండలకేసి చూస్తుండేది.

"ఏ పక్కనెట్టారో ఒక్క మాట సెప్పండి మావయ్యా. ఆ పక్కకే సూసుకుంటాను" అని అడిగేది. తాతయ్య తలవంచుకునేవాడు. "సెప్పకూడదే తల్లీ, నీ కడుపు మళ్లీ పండాల" అని నాయనమ్మ బతిమాలేది. ఆ ఆచారం పెట్టినవాళ్లలో ఒక్క తల్లి కూడా ఉండి ఉండదని నాకు ఇప్పటికీ కోపం.

వానలు వెలిశాక ఒకరోజు తాతయ్య లిల్లీ దుబ్బులు తవ్వి, పిలకలు విడదీసి గోనెసంచిలో వేసుకున్నాడు. ఎక్కడికని నాయనమ్మ అడిగితే, "పెరడు ఇరుకైపోనాది, ఎక్కడో పాతేసొత్తాను" అని వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు వానలకు కొండమీద గడ్డి నడుమెత్తు లేచి అంతా కప్పేసింది. ఒక ఉదయం మంచు విడిచాక చూస్తే, ఎదుటి వాలుమీద పనసచెట్టు పక్కన, గడ్డిని దాటి నారింజరంగు పూలు. ఊళ్లో మా పెరట్లో తప్ప ఇంకెక్కడా లేని పూలు. అమ్మ వాటిని చూసి, తాతయ్యకేసి తిరిగింది. ఆయన పందుంపుల్ల నములుతూ నేలకేసి చూస్తున్నాడు. చెప్పకూడదన్న మాట ఆయన చెప్పనే లేదు. అమ్మ గుమ్మంలోనే కూలబడి, ఏడాదిగా దిగమింగుకున్నదంతా ఏడ్చింది. ఆ మధ్యాహ్నం నాయనమ్మ కలిపి పెట్టిన ముద్దలు కాదనకుండా తిన్నది.

చివరి రోజుల్లో అమ్మ విజయనగరంలో నా దగ్గరే మంచాన ఉండేది. వానాకాలం వస్తే పొద్దున్నే "పూసిందేటే?" అని అడిగేది. నా పెరట్లో ఆ లిల్లీ దుబ్బు ఒకటి ఉంది. "పూసిందమ్మా" అనేదాన్ని. పూయని రోజు కూడా అదే మాట అనేదాన్ని.

ఇప్పుడు అడిగేవాళ్లు లేరు. అయినా పొద్దున్నే తలుపు తీసి, ఆ దుబ్బుకేసి చూసి, పైకే అంటాను, "పూసిందమ్మా" అని.