ఒకే మనవరాలున్న వీధి

పదవీ విరమణకు కొన్ని నెలల ముందు, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, నా ఉద్యోగ జీవితంలోని చివరి సర్వే నాకు అప్పగించారు. అప్పగించింది ప్రభుత్వమూ కాదు, విశ్వవిద్యాలయమూ కాదు. యాంగోన్‌లోని మా తెలుగువాళ్ల సంఘం. అప్పటికి నేను ట్యూటరుగా చేరి, అసిస్టెంట్ లెక్చరర్, లెక్చరర్ మెట్లన్నీ ఎక్కి, గణాంకశాస్త్ర ప్రొఫెసరునయ్యాను. మా తాత సేక్కాన్ రేవులో మూటలు మోశాడు. ఎన్ని మూటలు విప్పి చూస్తే ఓడలోని మొత్తం సరుకు సంగతి చెప్పవచ్చో నేను పిల్లలకు పాఠం చెప్పాను.

ఈ విద్యను శాంపిలింగ్ అంటారు. కొందరినే అడిగి అందరి సంగతీ చెప్పాలి. ఆ కొందరు ఎవరన్నది మన ఇష్టానికి కాక చీటీలకు వదిలెయ్యాలి. మా వృత్తి సారమంతా ఇంతే, మిగతాది మేం ప్రమోషన్ల కోసం రాసుకున్నది. బయటివాళ్లకు ఈ మాత్రం కూడా పట్టదు. డాక్టరు కనిపిస్తే నొప్పులు చెప్పుకుంటారు, వకీలు కనిపిస్తే తగాదాలు చెప్పుకుంటారు. నేను కనిపిస్తే లాటరీలో ఏ నంబరు తగులుతుందని అడుగుతారు.

సంఘం అధ్యక్షుడు ఊ అప్పారావు మాత్రం లాటరీ అడగలేదు. పెద్దమనిషి పేరు ముందు ‘ఊ’ పెట్టడం ఇక్కడి మర్యాద. ఆయనకు పబేడాన్‌లో స్టీలు సామాన్ల కొట్టుంది. సంఘానికి ఒక గది ఉంది. ఆ గదిలో పెళ్లిళ్లకు అద్దెకిచ్చే కుర్చీలూ గుండిగలూ పెట్టుకోవాలని ఆయన ఆలోచన. అడ్డం ఒక్కటే. ప్రతి ఆదివారం అక్కడ అప్పలనరసమ్మ గారు పిల్లలకు తెలుగు చెబుతారు. బడి నుంచి రిటైరైన ఆవిడను ఊరంతా సయామా, అంటే పంతులమ్మ, అనే పిలుస్తుంది. భర్త పోయాక ఆవిడకు మిగిలిన పని అదొక్కటే. సోమవారం నుంచి శనివారం దాకా ఆదివారం పాఠానికి తయారవుతూ ఉంటారు. ఆ క్లాసు పోతే ఆవిడ ఏమైపోతారోనని నాకు మొదటినుంచీ బెంగగానే ఉంది.

“మన పిల్లల్కి తెలుగొచ్చో రాదో లెక్క తేల్చీయండి సయా. ఆ లెక్క బట్టి కమిటీ సూసుకుంటాది,” అన్నారు అప్పారావు గారు. సయా అంటే పంతులుగారు.

మావాళ్లు ఎక్కువగా ఉండే సంచౌంగ్‌లో ఒక వీధిని తీసుకున్నాను. ఇళ్లకు వరుసగా నంబర్లు వేసి, మొదటి ఇంటికి చీటీ తీసి, అక్కడినుంచి సమానమైన ఎడంతో మిగతా ఇళ్లు ఎంచాను. అప్పారావు గారికి ఇది నచ్చలేదు. “ఆ ఇల్లెందుకు సయా, ఆళ్లు సరిగ్గా మాటాడరు. పక్కింటికెల్లండి, మంచోళ్లు,” అని నచ్చజెప్పారు. చీటీలో వచ్చిన ఇంటిని మార్చడం మా శాస్త్రంలో మహాపాపమని చెప్పి తప్పించుకున్నాను. అయితే ఒక విషయంలో ఆయన పట్టు విడవలేదు. వెళ్లే ముందు రోజు అందరికీ కబురు పెట్టాల్సిందేనన్నారు. “సెప్పకుండా ఎలా ఎల్తారు? ఆనాడె కదేటి!” అన్నారు. ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టడానికీ నొప్పించడానికీ మనసొప్పకపోవడాన్ని బర్మావాళ్లు ఆనాడె అంటారు. మేం దాన్ని మా తెలుగు మొహమాటానికి కలుపుకున్నాం. ఆ రెండూ కలిస్తే ఏ సర్వే అయినా ఏమవుతుందో అప్పుడు చూశాను.

మొదటి ఇంట్లో పెద్దావిడ నన్ను కూర్చోబెట్టి, ఊరవేసిన తేయాకు పళ్లెం ముందు పెట్టి, “ఇది మా మనవరాలు సయా, మీ ప్రశ్నలు దీన్నడగండి,” అని కాలేజీ వయసు పిల్లను చూపించింది. ఆ పిల్ల చక్కని తెలుగులో జవాబులు చెప్పింది. నాకు ముచ్చటేసింది. రెండో ఇంట్లో మళ్లీ తేయాకు, మళ్లీ మనవరాలు. ఈ మనవరాలికి జుట్టు ముడి ఉంది, రెండు బుగ్గల నిండా తనాకా, అంటే ఇక్కడివాళ్లు గంధంలా అరగదీసి రాసుకునే చెక్క, పూత దట్టంగా ఉంది. తెలుగు అంతే చక్కగా ఉంది. అక్కచెల్లెళ్ల పిల్లలేమో, పోలికలు కలిశాయనుకున్నాను. మూడో ఇంట్లో మనవరాలు కళ్లజోడు పెట్టుకుని, కాస్త ఆయాసపడుతూ వచ్చింది. ఆ కళ్లజోడు ఆ ఇంటి ముసలాయనది. పాపం, చూపు ఆనక గడప తన్నుకుంది.

నేను ఏమీ ఎరగనట్టే ముసలాయన వైపు తిరిగి, “ఈ వీధిలో మనవరాళ్లు భలే పరిగెడతారండీ,” అన్నాను. ఆయన తల దించుకున్నాడు. తెర వెనుక మాత్రం పిల్లలు పకపకా నవ్వారు. ఆ ఇంటి అసలు మనవలు వాళ్లే. నేను కలం పక్కన పెట్టి మరో రెండు జోకులు తెలుగులోనే వేశాను. నవ్వు రావలసిన చోటే వచ్చింది. నా ప్రశ్నలన్నీ రాబట్టలేని సంగతిని ఆ నవ్వు చెప్పింది.

మెట్ల దగ్గర ఆ కళ్లజోడు మనవరాలు నన్ను అందుకుంది. పేరు సూసూ అని చెప్పింది. “కోప్పడకండి సయా. సయామా కాడ నేర్సుకున్నోళ్లలో నోరిప్పీది నానొక్కదాన్నే. మిగతావోళ్లకి అన్నీ అర్దమవుతాయి గానీ మాటాడితే నవ్వుతారని సిగ్గు. సయామా పరువు పోద్దని అందరూ నన్నే పిలిసినారు.”

ఏ ఇంటి పిల్లవని అడిగాను. ఊ అప్పారావు గారి మనవరాలట.

“మరి నీకు ఇంత తెలుగొచ్చని తాతగారికి తెలుసా?”

“తెల్దు సయా. క్లాసుకెల్లి ఊరికే కూకుంటాననుకుంటాడు.”

సర్వే చేసేవాడు ఇంట్లో విన్నదాన్ని పేరు కలిపి బయట చెప్పకూడదు. ఆ నియమాన్ని ఏళ్ల తరబడి ఎంతోమందికి నూరిపోశాను. ఇప్పుడు అది నా గొంతుకే అడ్డం పడింది.

ఆదివారం క్లాసయ్యాక కమిటీ అదే గదిలో కూర్చుంది. కొందరు పిల్లలు ఇంకా వెనక బెంచీల మీదే ఉన్నారు. సంచౌంగ్ కబురు నాకన్నా ముందే అక్కడికి చేరింది. “అందరికీ తెలుగొచ్చీసినాదట కదా సయా! మరింక క్లాసెందుకు?” అన్నారు అప్పారావు గారు సంతోషంగా. ఒకవేళ రాలేదని తేలితేనో అని అడిగాను. “రాకపోతే ఇన్నాళ్లూ క్లాసెట్టి ఏటి లాభం? అప్పుడూ దండగే,” అన్నారు అంతే సంతోషంగా.

సయామా అటు తిరిగి బోర్డు తుడుస్తున్నారు. తుడవడానికి అక్కడేమీ మిగల్లేదు, అయినా తుడుస్తూనే ఉన్నారు. నాకు నిజంగా కోపం వచ్చింది. సంఖ్య అంటే గౌరవం లేనివాణ్ని భరించగలను గానీ, దానికి ముందే శిక్ష వేసి తర్వాత విచారణకు పిలిచేవాణ్ని భరించలేను. పాపం, పరువు కాపాడాలనుకున్న ఆ ఇళ్లవాళ్లు కూడా తెలియకుండా ఆయనకే సాయం చేశారు.

“ఫలితం నా దగ్గరుంది. చెప్పేముందు మీరొకటి చెప్పాలి. ఏం తేలితే క్లాసు ఉంచుతారు?” అన్నాను. ఫలితం చూడకముందే నిర్ణయ సూత్రం పెట్టుకోవాలన్నది మేం మొదటి సంవత్సరంలోనే చెప్పే పాఠం. కమిటీ అంతా ఆయన వైపు చూసింది. ఆయన ధీమాగా అన్నారు: “ఈ క్లాసు వల్ల గడగడా తెలుగు మాటాడీ పిల్ల ఒక్కర్తి ఉందని సూపించండి, గది తాళం సయామాకే ఇచ్చీస్తాను.” ఆ మాట ఆయన చేత మళ్లీ అనిపించి, అందరి చేతా సరేననిపించాను.

అప్పుడు ఫలితం చెప్పాను. పిల్లలకు అర్థమవుతోంది, సిగ్గుతో మాట్లాడరు. మాట్లాడే మనిషి ఒక్కరున్నారు.

“ఎవరు?”

“చెప్పను. అది మా వృత్తి నియమం.”

“అయితే లేనట్టే!” అని ఆయన చేతులు దులుపుకున్నారు. కమిటీలో ఎవరూ కాదనలేదు. సయామా చేతిలో గుడ్డ ఆగిపోయింది.

వెనక బెంచీ నుంచి సూసూ లేచింది. “నానే తాతా.”

ఆయన బర్మాభాషలో ఆమెను కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. సయామా నేర్పిన పాఠాలు మొదలుకొని, ఈ గదిలో గుండిగలు పెడితే ఎలుకలు చేరతాయనే దాకా తెలుగులో ఏకరువు పెట్టింది. అప్పారావు గారు నోరు తెరుచుకుని విన్నారు. తర్వాత నెమ్మదిగా, నేను ఎరిగినంతలో మొదటిసారి ఆమెతో తెలుగులో మాట్లాడారు: “మరెప్పుడూ సెప్పలేదేటే అమ్మా?”

“నువ్వెప్పుడూ అడగలేదు కదా తాతా. ఇంట్లో అంతా బర్మాలోనే మాటాడతావు.”

ఆయన మాట తప్పే మనిషి కాదు. జేబులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టారు. సయామా దాన్ని కొంగున ముడేసుకుని, వచ్చే ఆదివారం నుంచి మనవరాలితో పాటు ఆయన్నూ క్లాసుకు రమ్మన్నారు.

రిటైరయ్యాక కూడా కొన్ని సంఘాలు నన్ను సర్వేలకు పిలిచాయి. ఎన్ని ఇళ్లు తిరగాలన్నది నేను చివర అడుగుతాను. మొదట అడిగేది ఒక్కటే, ఏ జవాబు వస్తే మీరు మనసు మార్చుకుంటారని. అది చెప్పలేనివాళ్ల పని నేను ఒప్పుకోను.