ఆకలి పుట్టించే మందు

నిన్న సాయంత్రం గోదావరిఖని చౌరస్తా దాటి సందులోకి మళ్లుతుంటే, ఒక చాయ్ బండి దగ్గర పచ్చి బొగ్గు అంటుకుంటున్న వాసన వచ్చింది. పిడక ముక్క మీద కిరసనాయిల్లో తడిపిన గుడ్డ పెట్టి, దాని మీద బొగ్గు పేర్చి విసురుతుంటే మొదట్లో లేచే ఆ పచ్చి పొగ వాసన. పక్కన నడుస్తున్నవాళ్లు ముక్కులు మూసుకున్నారు. ఇంత వయసొచ్చినా ఆ వాసనకు నాకు ముందు కలిగేది భయమే.

మా బస్తీ ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్టల కింద ఉండేది. అన్నీ మట్టిగోడల రేకుల ఇళ్లే. నాయన గనిలో కాంట్రాక్టు కూలీ. మధ్యాహ్నం బ్లాస్టింగు సైరన్ మోగగానే గచ్చకాయలు ఆడుకుంటున్న మేమంతా చెవులు మూసుకునేవాళ్లం. కాళ్లకింద నేల అదిరి, గూట్లో గిన్నెలు గలగలమని, రేకుల సందుల్లోంచి మసి రాలి, ఆరేసిన బట్టల మీద నల్లగా పడేది. సాయంత్రమైతే ప్రతి ఇంటిముందూ బొగ్గుల పొయ్యి వెలిగేది. పాత ఇనుప బకెట్టుకు కింద కన్నం చేసి, లోపల మట్టి మెత్తి చేసుకున్న పొయ్యి. పొగంతా పోయి బొగ్గు ఎర్రబడేదాకా దాన్ని బయటే ఉంచి, తర్వాత లోపలికి తీసుకెళ్లి వంట మొదలుపెట్టేవాళ్లు. లారీలు మలుపు తిరిగేచోట రాలిన బొగ్గు పెళ్లలు ఏరుకొస్తే చాలు, నిప్పుకు ఎన్నడూ లోటు లేదు. మాకు లోటల్లా దాని మీద ఉడకాల్సిన గింజలకే.

వానలు ముదిరితే గని గుంతలో నీళ్లు నిలిచి పని ఆగిపోయేది. కాంట్రాక్టు వాళ్లకు పని లేకపోతే కూలీ లేదు. ఒక ఏడు వాన తెరిపే ఇవ్వలేదు. నాయన పని వెతుక్కుంటూ బసంత్‌నగర్ వైపు పోయి, కొన్నాళ్లు లారీల్లో బస్తాలు ఎత్తి దించి, జ్వరంతో తిరిగొచ్చి మంచాన పడ్డాడు. మా ఇంట్లో పొయ్యి మాత్రం ఒక్క రోజూ ఆరలేదు. అమ్మ రోజూ దాన్ని గుమ్మం ముందు ముట్టించి, ఎర్రబడ్డాక అందరికీ కనబడేట్టు ఎత్తుకుని లోపలికి తెచ్చేది. లోపల అది దానంతటదే బూడిదయ్యేది. ఎందుకమ్మా అని అడిగితే, "ముట్టియ్యకుంటే వాడకట్టంత తెలుస్తది బిడ్డా" అనేది.

బతుకమ్మ పండుగ వచ్చినప్పుడు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆడవాళ్లు బతుకమ్మలను నీళ్లల్లో వదిలి, నువ్వుల పొడి, బెల్లం కలిపిన సత్తుపిండి ఒకరికొకరు పంచుకునేవాళ్లు. అమ్మ తంగేడు పూలతో చిన్న బతుకమ్మ పేర్చుకుపోయి, తన వాటాకు వచ్చిందంతా కొంగున కట్టి మాకు తెచ్చేది. నా చెల్లెలు సరిత వేళ్లు నాకి నాకి తెల్లగా చేసుకునేది. పండుగ ఎప్పుడు అయిపోతుందోనని నాకు రోజూ గుబులుగా ఉండేది. అయిపోనే అయిపోయింది.

సరితకు అప్పుడు నాలుగేళ్లు ఉంటాయేమో. దాని జుట్టు మొక్కజొన్న పీచులా ఎర్రబడింది. ఆటకు రమ్మంటే రాదు, గోడకానుకుని కూర్చునేది. ఒక మధ్యాహ్నం సైరన్ మోగి నేలంతా అదిరింది. నేను ఎగిరిపడ్డాను. అది కదల్లేదు, కనురెప్ప కూడా ఆడించలేదు. ఆ క్షణంలో నాకు వేసిన భయం మరెన్నడూ వేయలేదు. నా చెల్లె చచ్చిపోతుందని నాకు తెలిసిపోయింది.

అలాంటి రోజుల్లోనే సర్కారు దవాఖాన నుంచి ఒక నర్సమ్మ మా బస్తీకి రావడం మొదలుపెట్టింది. కోస్తా వైపు మనిషి, మెత్తని మాట. ఆమె మా ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో పొయ్యి భగభగా మండుతోంది. అలాంటి ఇంట్లో గింజ లేదని ఎవరనుకుంటారు? సరితను చూసి, "ఏమ్మా, పిల్ల సరిగ్గా అన్నం తినడం లేదా?" అని అడిగింది. "తింటలేదమ్మా. ఎంత పెట్టినా నోట్లె పెడ్తలేదు" అంది అమ్మ. నర్సమ్మ సంచిలోంచి ఎర్రటి మందు సీసా తీసి, "భోజనానికి ముందు ఒక చెంచా పట్టండి, ఆకలి బాగా పుడుతుంది" అని చెప్పి వెళ్లింది.

మందంటే ఎంతో కొంత బలం ఉంటుందని అమ్మ ఆశపడింది. తియ్యగా ఉంటే సరిత గుటుక్కున మింగింది. తర్వాత మొదలైంది. అన్నాళ్లూ మూలకు పడి ఉన్న పిల్ల అన్నం అన్నం అని ఏడుపు లంకించుకుంది. గోడ మట్టి గీకి తినబోయింది. అమ్మ దాని నోరు చేత్తో మూసి, తాను గుడ్లనీళ్లు కుక్కుకునేది. పిల్లలను సాకలేని వాళ్ల దగ్గర్నుంచి దవాఖాన వాళ్లు పిల్లలను తీసుకుపోతారని ఎవరో చెప్పారట. "ఎవలన్న అడిగితే తిన్నమనాలె. లేకుంటే చెల్లెను ఎత్కపోతరు" అని నాకు గట్టిగా చెప్పింది.

నర్సమ్మ మళ్లీ వచ్చింది. సరిత జబ్బకు కొలత పట్టీ చుట్టి చూడగానే ఆమె ముఖం మారింది. "మందు పోస్తున్నారా?" అని అడిగింది. అమ్మ తలూపింది. చెల్లెను ఎత్తుకుపోతారన్న భయం ఒకపక్క, చచ్చిపోతుందన్న భయం ఒకపక్క. నా నోటివెంట మాట ఎలా వచ్చిందో తెలియదు.

"ఆ మందు వద్దు సిస్టరమ్మా. అది తాగినంక ఆకలైతున్నదని ఏడుస్తది. ఇంట్ల తినేటందుకు ఏం లేదు."

నర్సమ్మ ఆ తడి నేల మీదే కూలబడింది. మండుతున్న పొయ్యినీ, వెలవెలబోతున్న గిన్నెలనూ చూసి, "నేను అడగాల్సింది అడగలేదమ్మా" అంది. పిల్లను దవాఖానకు తేవాలనేసరికి అమ్మ సరితను రొమ్ముకు అదుముకుని, "నా బిడ్డను తీస్కపోకుండ్రి, మీ కాళ్లు మొక్కుత" అని వెనక్కి జరిగింది. "మీరూ రండి. తల్లికీ పిల్లకీ ఇద్దరికీ అక్కడే అన్నం పెడతారు" అని నచ్చచెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

నాయనను పక్కింటివాళ్లకు అప్పజెప్పి, అమ్మ వెంట నేనూ పోయాను. వార్డులో తొలి రోజులూ భయంగానే గడిచాయి. ఎండిన కడుపు ఒక్కసారిగా పెడితే తట్టుకోదని పల్చటి జావ చెంచాతో కొద్దికొద్దిగా పట్టేవాళ్లు. అదీ కక్కితే నేను మంచం కింద దూరి కళ్లు మూసుకునేదాన్ని. అమ్మ తనకిచ్చిన గుడ్డు తినకుండా నాకోసం కొంగులో దాస్తే, నర్సమ్మ చూసి ఏమీ అనకుండా మర్నాటి నుంచి నాకూ ఒక పళ్లెం తెప్పించింది. ఇంటికి పంపేటప్పుడు చేతులు దులుపుకోలేదు. అమ్మను వెంటబెట్టుకుని అంగన్‌వాడీకి పోయి చెల్లె పేరు చేర్పించింది, నాయనకు మందులిప్పించింది, రేషను కార్డు కోసం ఆఫీసుకు తానే వచ్చి మాట్లాడింది. ఆ తర్వాత మా బస్తీలో ఏ పిల్లను చూసినా ఆమె నాడి పట్టకముందే అడిగేది, "ఇవాళ ఏం వండారమ్మా?" అని. ముసురు పట్టిందంటే దవాఖానలో తల్లులకు పప్పూ పిండీ ఇవ్వడం కూడా ఆమె పై అధికారుల వెంటపడితేనే మొదలైంది.

సరిత ఆ చలికాలానికి సైరన్ వింటే చెవులు మూసుకోవడం మళ్లీ మొదలుపెట్టింది. చుట్టుపక్కల వాళ్లకు అమ్మ, పిల్లకు పెద్ద జబ్బు చేసిందని చెప్పుకుంది. నా చేత కూడా అలాగే చెబుతానని ఒట్టు వేయించుకుంది. సరిత ఆ మాటే నమ్ముతూ పెరిగింది.

ఇప్పుడు ఆ బస్తీ లేదు. గని తవ్వుకుంటూ తవ్వుకుంటూ వచ్చి దాన్ని మింగేసింది, మా ఇల్లున్న చోట పాతాళమంత గుంత ఉంది. బకెట్టు పొయ్యిలు పోయాయి. అమ్మా పోయింది. ఆ నర్సమ్మ బదిలీ మీద ఎటు వెళ్లిందో ఎవరికీ తెలియదు.

పోయిన నెల సరిత దవాఖాన నుంచి ఫోన్ చేసింది. దానికి ఇప్పుడు అయిదో నెల.

"అక్కా, డాక్టరమ్మ అడుగుతున్నది. నాకు చిన్నగున్నప్పుడు పెద్ద జబ్బు చేసింది గదా, దాని పేరేంది?"

అమ్మకు వేసిన ఒట్టు గుర్తుకొచ్చింది. అయినా "జబ్బు కాదే. మనింట్ల తినేటందుకు లేకుండె" అన్నాను.

ఫోన్‌లో సరిత, నాతో కాదు, ఎదురుగా ఉన్న డాక్టరమ్మతో చెబుతుండటం వినిపించింది.

"జబ్బు కాదట మేడం. ఆకలట."